నగారా దస్తగిరి విముక్తి

ప్రచండమార్తాండకిరణసంతప్తములై శిథిలప్రాకారశిలలు సైతము నిట్టూర్చుచున్నట్లు వేడిసెగలు గ్రక్కుచుండిన వైశాఖమాసాపరాహ్ణమున, రాజవంశ మంతరించి రెండు తరములు గడచిన యొక కోటలోని పాత కొలువుకూటమున, దొరతనమువారి మాన్యముల విచారణ కచేరి నడచుచుండెను. అందు భాషాంతరీకరణోద్యోగియగు నరసింగరావు ఆంగ్లపత్రములందలి ‘ఎన్‌ఫ్రాంచైజ్’ అను క్రియకు ‘విముక్తము చేయుట’ యని మూడు మాసములుగా వ్రాసి వ్రాసి, తన చేతికిని మనస్సునకును నడుమ నేదియో తెగిపోయినట్లు జడుడై కూర్చుండెను.

అప్పుడు నగారా దస్తగిరి వచ్చెను. ప్రతిసాయంసంధ్యయందును కోటవాకిట నగారా మ్రోగించుటకై పూర్వరాజులు వాని వంశమున కొసంగిన మాన్యపు భూమి, కొలిపించుకొను రాజే లేమిచే, ఊడిగపు నిర్బంధము తొలగి యతని సొంతమైనట్లు పత్రము సిద్ధమై యుండెను. రాజులు పోయినను వాని తండ్రియు, పిదప దస్తగిరియు నొక్కనాడును నగారా మానలేదు. నరసింగరావు పత్రమును చదివి వినిపింపగా దస్తగిరి ‘ఎన్‌ఫ్రాంచైజ్’ అను మాటకడ నాపి యడిగెను.

"ఈ ఇంగిలీషు మాటకు అర్థమేంది సామీ?"

నరసింగరావు నిఘంటువున జదివినదంతయు జెప్పెను. "ఫ్రాంకులను నొక జాతివారు పరదేశమును జయించి యచ్చట తామొక్కరే సర్వస్వతంత్రులై మెలగిరి. అందుచే వారి పేరే స్వేచ్ఛకు పేరయ్యెను. దాని నుండి పుట్టిన యీ క్రియకు బంధము విడిపించి హక్కొసంగుట యని యర్థము. భూమి నీది. ఇక నీవు నగారా కొట్ట నక్కరలేదు."

"కొడితే?"

పత్రమును తుదివరకు జూచి నరసింగరావు "అది నీ యిష్టము" అనెను.

"మా తాత కొట్టినాడు. మా నాయన కొట్టినాడు. నేనూ నలభై ఏండ్లు కొట్టినా. నీకు ఇష్టమా అని ఎవురూ అడగలేదు సామీ."

ఆ కంఠమున దుఃఖము లేదు, సంతోషమును లేదు. నిశానీగా వ్రేలిముద్ర పెట్టి పత్రమును తలపాగలో దోపుకొని యతడు వెడలిపోయెను.

ప్రొద్దు గ్రుంకెను. నగారా మ్రోగలేదు. అలవాటుచే చెవియొగ్గి యున్న నరసింగరావు తానేల లేచెనో యెఱుగకయే కోటవాకిటి మెట్లెక్కెను. అచ్చట దస్తగిరి కోలలు రెండును ఒడిలో నుంచుకొని, మోకాళ్లపై చేతులు మోపి, నగారా యెదుట కూర్చుండి యుండెను.

"ఏమి చేయుచుంటివి?"

"ఇష్టం పుడుతుందేమోనని చూస్తా ఉండా సామీ. ఇంకా పుట్టలేదు."

పదముల పుట్టుకలన్నియు నెఱిగిన నరసింగరావును ప్రక్కన కూర్చుండెను. క్రింద పురవీథిలో ప్రతిదినము నగారా విని దీపములు వెలిగించు నిల్లాండ్రు వేళయైనదో కాలేదో తెలియక వాకిళ్ల నిలిచి కోటవంక జూచుచుండగా, ఆనాటి సంధ్య యెవ్వరును చాటకయే చీకటియయ్యెను.