ప్రేమదాసు మింగేసిన మాట

మిరప కోతలు మొదలైన కొద్ది రోజులకే నా కడుపు బిగుసుకుపోయింది. ముక్కీ ముక్కీ కళ్లు బైర్లు కమ్మడమే గానీ జరిగిందేమీ లేదు. మరుగుదొడ్డికి సరదాపడి టైల్స్ కూడా వేయించుకున్నాం. కూర్చోడానికి చోటు దివ్యంగా ఉంది, పనే కావడం లేదు. అరటిపళ్లు తిన్నాను, వేడినీళ్లు తాగాను, ముక్కు మూసుకుని ఆముదం కూడా తాగాను. ఊహూఁ!

చివరికి మా ఆయన ప్రేమదాసును మందుల షాపుకి పంపాను. "మోషన్ కావట్లేదని చెప్పు. సిగ్గుపడి చావకు" అని మరీ మరీ చెప్పాను. మాత్రలు తెచ్చాడు, పూటపూటా వేసుకున్నాను. కాస్తో కూస్తో కదిలేది కూడా రాయైపోయింది.

ఆదివారం చర్చికి పోలేక మరుగుదొడ్లో కూర్చుని ఏడుస్తుంటే, ఈయన తలుపు బయట మోకరించి గొంతెత్తి ప్రార్థన అందుకున్నాడు. "మూసిన తలుపులు తెరిచే దేవా!" గోడవతల నుంచి పక్కింటివాళ్లు "ఆమేన్" అన్నారు. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది. నవ్వితే ప్రాణం పోయినంత పనైంది.

"ఆపుతావా, చెంబుతో కొట్టమంటావా?" అని అరిచాను.

మర్నాడు ఆసుపత్రికి వెళ్తే, నర్సు శ్రీరమ్య మా మాత్రల అట్ట చూసి నెత్తి కొట్టుకుంది.

"ఇవి విరేచనాలు కట్టడానికమ్మా! ఎవరిచ్చారు?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"షాపు నిండా మనూరి ఆడాళ్లేనే. 'మోషన్స్' అని ఊరుకున్నా. మిగతాది ఆయనే అర్థం చేసుకుంటాడనుకున్నా."

"బానే చేసుకున్నాడు! 'కావట్లేదు' అన్న ఒక్క ముక్క మింగి నా ప్రాణం మీదకి తెచ్చావు కదయ్యా!"

నర్సమ్మ ఎనిమా ఇచ్చింది. ఆ తర్వాతి వైభవం వర్ణించను గానీ, బయటికొచ్చి ఆ పిల్ల చేతులు పట్టుకుని సంతోషంతో ఏడ్చాను. ఆ పిల్ల మాత్రం నవ్వలేదు.

"రక్తం కూడా పడింది. ఇట్లాగే ఉంటే ఆపరేషన్ దాకా పోతుంది. పొలంలో నీళ్లు తాగుతున్నావా అసలు?"

"తాగితే పోవాలిగా తల్లీ. ఎక్కడికి పోను? చేను నడుమెత్తు కూడా లేదు. పక్కనే పర్చూరు రోడ్డు."

చెబుతుంటే నాకే ఒళ్లు మండిపోయింది. పొద్దస్తమానం ఎండలో వంగి కాయ కోసేది మేము, గొంతు తడుపుకోడానికి భయపడేదీ మేమే. ఏం పాపం చేశామని?

మళ్లీ కోతకు వెళ్లిన రోజు, చెట్టు మీద చెయ్యి వెయ్యకముందే కల్లంలో బరకం తీసుకున్నాను. వానొస్తే కాయల మీద కప్పే బరకం అది. చేను మూల గొయ్యి తీసి, కర్రలు పాతి, చుట్టూ దాన్ని కట్టింది ప్రేమదాసే. చేను గలాయన బుల్లయ్యగారు మాత్రం బండి దిగుతూనే కేకలేశారు.

"ఏందమ్మా హెలెనూ ఇది? కాయల బరకం! వానొస్తే?"

"వానొస్తే విప్పి మేమే కప్పుతామండి."

"ఇష్టమైతే కొయ్యండి, లేకపోతే పోండి. వేరే ముఠాని పిలుచుకుంటా."

ఈ కోతలు పోతే ఏడాదంతా ఇబ్బందే. అయినా వెనక్కి తగ్గబుద్ధి కాలేదు. రోడ్డు మీద మగాళ్లు వింటున్నా సరే అని గట్టిగానే అన్నాను.

"పిలుచుకోండి. వాళ్లూ ఆడాళ్లే. ఒంటికీ రెంటికీ పోవడానికి చాటు లేకపోతే కాయ కొయ్యమండి, అంతే!"

మా ముఠాలో ఒక్క ఆడది కూడా చేలో దిగలేదు. అందరికన్నా పెద్దదైన అంకమ్మ పిన్ని అయితే గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. బుల్లయ్యగారు ఫోను తీశారు, జేబులో పెట్టారు, మళ్లీ తీశారు. పండిన చేను వైపు చూశారు.

"సరే, తగలడండి" అని బండెక్కారు.

అంకమ్మ పిన్ని లేచి, నీళ్ల టిన్ను వంచి గ్లాసు నింపుకుని గటగటా తాగింది. ఇంకో గ్లాసు తాగింది. గడ్డం మీద కారే నీళ్లు కొంగుతో తుడుచుకుంది.

"నా పెళ్లైన కాడ్నుంచి కోతలకొస్తన్నానే. చేలో దాహం తీరా తాగింది ఇయ్యాలే" అంది.

"గ్లాసు ఇటియ్యి పిన్నీ" అన్నాను.