టర్బో బటన్

మేడ్చల్ డిపోలో మొదటి బస్సు కదలకముందే షుకూర్ తన వెల్డింగ్ దుకాణం షట్టర్ ఎత్తేవాడు. ఆ చప్పుడుకు అల్వాల్‌లో కోళ్ళు నిద్రలేచేవి. వాకిట్లో నీళ్ళు చల్లి, ఊదుబత్తి ముట్టించి, ఛాయ్ తాగి గ్రైండర్ చేతపట్టాడా, ఇక ఇనుమనేది ఆయన ముందు జున్నుముక్కే. తూప్రాన్ నుంచి బొల్లారం దాకా ఏ ఇంట్లోనైనా బీరువా తలుపు కిర్రుమనకుండా మూసుకుందంటే అది షుకూర్ చేసిన బీరువానే. ఒకసారి లారీ తొక్కిన బీరువాను, తాను నమాజుకు పోయిరావడం కూడా కలుపుకుని, అదే మధ్యాహ్నం నిలబెట్టి ఇచ్చాడు. లోపలున్న పట్టుచీర మడత కూడా నలగలేదు. ఇందులో కల్పన అన్నది ఆవగింజంత లేదు.

అలాంటి షుకూర్ దగ్గరికి రెండువేల ఏడులో, ఎండలు ముదురుతున్న రోజుల్లో, వంశీ ఒక పాత కంప్యూటర్ డబ్బాను బైకు మీద కట్టుకుని వచ్చాడు.

ఆ డబ్బాను ఎరగనివాళ్ళు శామీర్‌పేట దారిలో లేరు. వంశీ తండ్రి మల్లేశం తన ద్రాక్షతోట ఆఫీసులో పెట్టుకున్న డబ్బా అది. ముందు వైపు మూడు బటన్లు: పవర్, రీసెట్, టర్బో. అందరి కంప్యూటర్లలో టర్బో నొక్కితే యంత్రం వేగం పెరిగేది. మల్లేశం డబ్బాలో నొక్కితే చుట్టుపక్కల కాలమే ఉరికేది. బటన్ టక్కుమని లోపలికి పోయి నిలిచినంతసేపూ పిందెలు గుత్తులయ్యేవి, గుత్తులు పండ్లయ్యేవి. మళ్ళీ నొక్కితే బటన్ బయటికొచ్చేది, కాలం నడకకు దిగేది. ఇరుగుపొరుగు తోటల్లో అనాబ్‌షాహీ ద్రాక్ష ఇంకా పులుపు వదలకముందే మల్లేశం కాయ బజారెక్కేది. టర్బో వేశారని తెలిస్తే చుట్టుపక్కల ఆడవాళ్ళు పాలకుండలు దూరం జరిపేవాళ్ళు, దూడలను అవతల గట్టున కట్టేసేవాళ్ళు. అంతకుమించి ఎవరూ దాని గురించి మాట్లాడేవాళ్ళు కాదు. డబ్బా ముందు కూర్చున్న మల్లేశానికి మాత్రం యాభై నిండకుండానే మీసం సున్నం కొట్టినట్టయింది, నడుము వంగింది.

ఇప్పుడు తోట పోయి వెంచర్ వచ్చింది. ప్లాట్లు కొనడానికి వచ్చేవాళ్ళకు లేఅవుట్ చూపించాలంటే జోరైన కంప్యూటర్ కావాలి. వంశీ సికింద్రాబాద్ తిరిగి కొత్త బోర్డు, కొత్త ప్రాసెసర్, అరచేతికి పట్టనంత ఫ్యాను ఏరి తెచ్చుకున్నాడు. కానీ డబ్బా మార్చలేదు. కలిసొచ్చిన డబ్బాను గడప దాటిస్తారా ఎవరైనా?

తొలికాన్పుకు మచ్చ బొల్లారంలోని పుట్టింటికి పోతూ అతని భార్య నయన ఒకే ఒక మాట తీసుకుంది. "గా బటన్ పీకేపియ్యి. మన బిడ్డ బడికి పోయేనాటికి నువ్వు కట్టె పట్టుకోవద్దు."

"పీకేపిస్తనే, నీ మీద ఒట్టు," అన్నాడు వంశీ.

దుకాణంలో షుకూర్ డబ్బా మూత విప్పి లోపలికి తొంగిచూశాడు.

"భాయ్, వెనక కోసి కొత్త బోర్డు పట్టేటట్టు చెయ్యాలె. ముంగట ఫ్యానుకు తొర్ర గావాలె. అయితదా?"

"అయితదా అని అడుగుతున్నవా? చార్మినార్ మోసుకరా బేటా, దానికి గూడ కిటికీ పెట్టిస్త!"

గ్రైండర్ తిరిగింది. నిప్పురవ్వలు ఎగసి మేడ్చల్ స్టేషన్ దాకా పోయాయి. పాత స్క్రూల తొర్రలు కొత్త బోర్డుకు కుదరక కొత్తవి వేసి ఇత్తడి బోల్టులు నిలబెట్టాడు. వెనక తలుపంత సందు కోసి ఒక్క గరుకు లేకుండా రాశాడు. అంతా అయ్యాక బటన్ల దగ్గర పని ఆగింది. పాత పవర్ బటన్ మోటుది, గోడ కరెంటంతా నేరుగా అందులోంచే పోతుంది. కొత్త బోర్డుకు కావలసింది అలా నొక్కి ఇలా వదిలేసే మెత్తటి బటన్. రీసెట్ ఎప్పుడో విరిగింది. మిగిలింది టర్బో.

"నయన పీకేపియ్యమన్నది భాయ్," అన్నాడు వంశీ, గొంతు తగ్గించి.

"పీకితే నోట్లె పన్ను ఊడినట్టుంటది. చూడు, లోపల ఎంటికంత పిన్ను ఉంటది. బటన్‌ను లోపల పట్టి నిలిపేది గదే. గది తీసేస్తే బటన్ ఆగదు, నొక్కంగనే ఎనక్కొస్తది. లోపల ఆగకుంటే ఇగ టర్బో ఏడిది? ఖతం! గదే నీ పవర్ బటన్."

వంశీకి ఆ మాట తేనెలా వినిపించింది. బటన్ పీకకుండానే ఒట్టు నిలబడుతుంది కదా. షుకూర్ పట్టకారుతో పిన్ను లాగి ఉఫ్‌మని ఊదాడు. అది ఇనుపపొట్టులో పడిపోయింది. బటన్‌ను లోపల పట్టేదీ, చాలని చెప్పి బయటికి విడిచేదీ ఆ పిన్నేనని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

ఇంటి ముందుగదిలోనే పెట్టుకున్న వెంచర్ ఆఫీసులో వంశీ బటన్ నొక్కాడు. రెప్ప కొట్టేలోగా తెర వెలిగింది. బయట గేటు పక్కన నాటిన టేకు మొక్కలు సాయంత్రానికి గోడ దాటాయి. నీడ చూసి జనం ప్లాట్ల కోసం క్యూ కట్టారు. పొద్దున గీసుకున్న గడ్డం ఛాయ్ వేళకు మాసిపోతుంటే వంశీ నవ్వుకుని మళ్ళీ గీసుకున్నాడు. రాత్రి ఆపుదామని బటన్ నొక్కితే తెర ఆరింది గాని ఫ్యాను ఆగలేదు. వైరు పీకేశాడు. ఫ్యాను ఇంకా జోరుగా తిరిగింది. భయపడి మళ్ళీ మళ్ళీ నొక్కాడు. నొక్కిన ప్రతిసారీ వేగం మీద వేగం చేరింది. ఎత్తి బయట పారేద్దామంటే కొనేవాళ్ళు వాకిట్లో ఉన్నారు. ఈ వారం పోనీ అనుకున్నాడు. మళ్ళీ వారం కూడా అదే అనుకున్నాడు.

చల్లగా ఉంటుందని మల్లేశం ఆ గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఒక మధ్యాహ్నం, పండిన పండు తొడిమ వదిలినట్టు, కూర్చున్నచోటే పోయాడు.

అప్పటికి నయనకు ఆడపిల్ల పుట్టి పక్షం కాలేదు. బాలింతకు చావు కబురు చెప్పకూడదు, పాలు ఎండిపోతాయి. ఆమె తల్లిదండ్రులు నోరు కట్టుకున్నారు. వంశీ బిడ్డను చూడటానికి పోదామని అద్దంలో చూసుకుని ఆగిపోయాడు. ఫోన్‌లో మాత్రం మాట్లాడేవాడు.

"గొంతు గట్లయిందేంది?"

"సర్ది అయింది."

"ఇన్ని దినాలు సర్దా? బిడ్డ మొఖం గూడ సూడవా? నువ్వు రాకుంటే నేనే వస్తున్న. మూడో నెల రాంగనే బయలెల్లుత."

ఫోన్ పెట్టేసి వంశీ షుకూర్ దుకాణానికి పోయాడు. బైకు నడపలేక ఆటోలో పోయాడు.

"సలామ్ మల్లేశం సాబ్," అంటూ లేచిన షుకూర్ సగంలో ఆగాడు. మల్లేశం పాడె మోసినవాళ్ళలో తానూ ఒకడు.

"పిన్ను గావాలె భాయ్. నా బిడ్డ వస్తాంది. గా డబ్బా ఉన్న ఇంట్ల అడుగువెడితే పసిపిల్ల ఏమైతది?"

ఇనుపపొట్టంతా జల్లెడ పట్టారు, అయస్కాంతం తిప్పారు. దొరికిన ఏ ముక్కా బటన్‌లో కూర్చోలేదు. చివరికి షుకూర్ గ్రైండర్ భుజాన వేసుకుని వెంచర్‌కు వచ్చాడు. తిరుగుతున్న ఫ్యాను తిరుగుతుండగానే డబ్బాను నిలువునా, అడ్డంగా కోశాడు. కోత మొదలుపెట్టినప్పుడు నల్లగా ఉన్న ఆయన గడ్డం ముగించేసరికి వెండి అయింది. ఫ్యాను ఆగింది. కాలం నడకకు దిగింది. కానీ ఉరికిన కాలం వెనక్కి రాలేదు.

నయన పట్టపగలే వచ్చింది. ఆటో దిగి, టేకుచెట్ల నీడలోంచి బిడ్డను ఎత్తుకుని గబగబా నడిచింది. గుమ్మంలో తెల్లమీసం, వంగిన నడుము కనబడగానే అడుగు తగ్గించింది.

"మామా, బాగున్నరా?" అని వంగి కాళ్ళకు మొక్కింది. "ఇగో, మీ మనుమరాలు. ఆయన ఏడి? మాకు ఎదురన్న రాలేదు."

ముసలి వంశీ ఆమె చేతిలోని బిడ్డను చూశాడు. పాలు తాగే బిడ్డ, పచ్చి ఒంటి తల్లి. ఏ ఒక్క మాట చెప్పినా వెనకే ఒక చావు కబురు, దాని వెనకే ఇంకొక కబురు చెప్పాలి. అతను చేతులు చాచి కూతురిని అందుకున్నాడు. పిల్ల అతని ముఖంలోకి చూసి నవ్వింది.

"పని మీద దూరం పోయిండు బిడ్డా," అన్నాడు. "ఎప్పుడొస్తడో."

ఆ ఇంట్లో మామ ముందు కోడలు కూర్చోదు. నయన కొంగు సర్దుకుని తలుపు పక్కకు జరిగి నిలబడింది.