సగం కుట్టిన పక్షుల పుస్తకం

జిగురత్త మైదా జిగురు ఉడికిస్తోంది. గిన్నె అడుగంటకుండా గరిటె తిప్పుతూ, రెండో చేత్తో ముక్కు మీద నుంచి జారే కళ్ళజోడును పైకి తోసుకుంటూ, ఉండుండి తలుపు వైపు చూస్తోంది. ఎవరూ రావడం లేదు. జిగురు మాత్రం ఉండలు కట్టింది.

"నీ దుంప తెగ!" అని గిన్నెను తిట్టింది. గిన్నె తప్పేమీ లేదని ఆమెకూ తెలుసు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె చేతిలో జిగురు ఉండకట్టడం ఎవరూ చూడలేదు. ఇవాళ మాత్రం మనసు మనసులో లేదు. ఇవాళ పెట్టె వస్తుంది.

నగరంలోకెల్లా పెద్ద గ్రంథాలయం అది. పైన అంతస్తుల నిండా పుస్తకాలు, చదివేవాళ్ళు, నిశ్శబ్దం. నేలమాళిగలో ఈ బైండింగు గది, అందులో జిగురత్త. గదికి ఒకే కిటికీ, అదీ పైకప్పుకు ఆనుకుని ఉంటుంది. దాంట్లోంచి చూస్తే దారిన పోయేవాళ్ళ కాళ్ళు తప్ప మొహాలు కనబడవు. పొడుగాటి చెక్కబల్ల, పుస్తకాలను అదిమిపెట్టే ఇనప ప్రెస్సు, దారపు ఉండలు, కత్తిరించిన అట్టముక్కలు. ఆమె ఊడ్చే పనికి వచ్చి, అప్పటి మేస్త్రీ దగ్గర పని నేర్చుకుని, ఆయన తర్వాత అదే ముక్కాలి పీట మీద కూర్చుండిపోయింది. అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకు తప్ప ఎవరికీ గుర్తులేదు. కొంగుకు ఎప్పుడూ జిగురు అంటుకుని ఉంటుంది కాబట్టి అందరికీ జిగురత్తే. ఆమె కూడా ఆ పేరుకే పలుకుతుంది.

ఇక పెట్టె సంగతి. కొన్నేళ్ళ కిందట దేశదేశాల్లోని పెద్ద నగరాల గ్రంథాలయాలు కలిసి ఒక జట్టు కట్టాయి. మీ పాఠకుడు అడిగిన పుస్తకం మా దగ్గరుంటే పంపిస్తాం, మాకు కావలసింది మీరు పంపండి, చదవడం అయ్యాక ఎవరివి వాళ్ళకు చేర్చేద్దాం. ఒప్పందం అంతే. ఈ గ్రంథాలయానికి సముద్రం అవతల ఒక రేవు నగరం గ్రంథాలయం జతపడింది. అక్కడి భాష ఇక్కడ తెలియదు, ఇక్కడి భాష అక్కడ తెలియదు. పై అధికారుల్లాంటి చదువుకున్నవాళ్ళు ఇద్దరికీ వచ్చిన మూడో భాషలో మాట్లాడుకునేవాళ్ళు. పుస్తకాలు మాత్రం ఒక చెక్కపెట్టెలో అటూ ఇటూ తిరిగేవి.

ఆ ఒప్పందంలో ఒక గట్టి నియమం ఉంది. పరాయి పుస్తకం ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళ్ళాలి. చిరిగి వస్తే చిరిగినట్టే పంపాలి. దాని మీద బైండరు చెయ్యి పడకూడదు.

పడింది. కావాలని కాదు. ఒకరోజు చిరుగుల గుట్టలో వెన్ను విరిగిన పుస్తకం ఒకటి కనబడితే, మనదే అనుకుని జిగురత్త శుభ్రంగా విప్పి, పుటలు కలిపి మడిచిన మడతలన్నీ సవరించి, కొత్త దారంతో కుట్టేసింది. అట్ట వేశాక గానీ లోపలి ముద్ర చూడలేదు. చూస్తే అవతలివాళ్ళది! పార్సిళ్ళ గుమస్తా ఒక్కడికే చెప్పింది. అతను తల పట్టుకుని, "అత్తా, నువ్వు చెప్పలేదు, నేను వినలేదు," అని దాన్ని పెట్టెలో అడుగున పడేశాడు.

ఫిర్యాదు ఇవాళ వస్తుంది, రేపు వస్తుంది అని ఆమె రోజులు లెక్కపెట్టింది. రాలేదు. ఆ తర్వాతి పెట్టెలో తిరిగొచ్చిన మన పుస్తకం ఒకటి మాత్రం, వదులు వెన్నుతో వెళ్ళింది కాస్తా గట్టి వెన్నుతో వచ్చింది. ఎవరో కుట్టారు. జిగురత్త కుట్టు కుడికి వాలుతుంది, ముడి పై కొసన పడుతుంది. ఈ కుట్టు ఎడమకు వాలింది, ముడి కింది కొసన పడింది. ఎంత పొందికగా కుట్టారో, వేలితో తడిమి చూసి ఆమె గట్టిగా నవ్వేసింది. అప్పటి నుంచి పెట్టె వచ్చినప్పుడల్లా ఇక్కడ ఒక పుస్తకానికి, అక్కడ ఒక పుస్తకానికి నియమం తప్పుతూనే ఉంది. నోరు విప్పి ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పుకోలేదు.

ఆ చేతికి ఆమె వదిన అని పేరు పెట్టుకుంది. ఒక్కతే పుట్టింది పాపం. అన్న లేడు, తమ్ముడు లేడు, అక్కాచెల్లెళ్ళు లేరు. తోటి ఆడపిల్లలు వదినల మీద చెప్పుకునే చాడీలు వింటూ, నాకు చెప్పుకోడానికి చాడీ కూడా లేదే అని కుళ్ళుకుంటూ పెరిగింది. ఇప్పుడు దొరికింది కదా అని, "మా వదిన ఈసారి తొందరపడిందండీ, దారం వదులుగా లాగింది," అని ఇంటికెళ్ళి మొగుడికి చెప్పేది. బస్సు నడిపి రిటైరైన మనిషి ఆయన. నోరు ఊరుకోదు.

"దారం వదులైతే చాలు, మీ వదినలో లోపం దొరికినట్టే! ఒసే, అక్కడ మిషను కుడుతోందేమోనే."

"మిషనుకు అంత ఓపికెక్కడిది?" అని ఆమె మూతి ముడుచుకునేది. కానీ ఆ మాట లోపల గుచ్చుకునేది. నిజంగా అవతల ఒక మనిషి ఉండి, తన కుట్టును గుర్తుపట్టి జవాబిస్తోందా? లేక ఎవరో తమ పని తాము చేసుకుపోతుంటే, తనే లేని చుట్టరికం కలుపుకుని మురిసిపోతోందా? ఎవరిని అడుగుతుంది? అడిగితే నియమం తప్పిన సంగతి బయటపడుతుంది.

ఇంతలో జట్టువాళ్ళు కొత్త మాట అనుకున్నారు. ఇక పుస్తకాలు తిరగనక్కర్లేదు, పేజీలను ఫోటోలు తీసి కంప్యూటర్లో పంపుకుంటే సరిపోతుంది. ఇవాళ వచ్చేదే ఆఖరి పెట్టె. అందులోనే పక్షుల పుస్తకం ఉంది.

అది మనది. నిలువెత్తు బొమ్మల పుస్తకం, ఈకలన్నీ చేత్తో రంగులద్దినవి. అవతలి పాఠకుడెవరో దాన్ని అడిగాడు. కానీ కిందటిసారి పెట్టె బయల్దేరే వేళకు అది ఆమె బల్ల మీద వెన్ను విప్పి ఉంది. సగమే కుట్టింది. పూర్తయ్యేదాకా ఆపి ఉండొచ్చు, ఆపాల్సింది కూడా. కానీ ఆమెకు ఒక మొండి ఆలోచన తట్టింది. ముడి వెయ్యకుండా, దారం కొస పొడుగ్గా వదిలి, కుట్టిన మడతలనూ కుట్టనివాటినీ కలిపి నాడాతో కట్టి పంపేసింది. మిగతా సగం నువ్వు కానిచ్చెయ్, వదినా! మనిషై ఉంటే, నా కుట్టు ఎరిగినదై ఉంటే, అదే దారం అందుకుని పూర్తిచేస్తుంది. మిషనైతే నా కుట్టు పీకేసి మళ్ళీ మొదటినుంచి వేస్తుంది. ఏదో ఒకటి తేలిపోతుంది. తేలకుండా మాత్రం ఈ పెట్టెలు ఆగిపోకూడదని ఆమె గొడవ.

గుమస్తా గుమ్మంలోంచి తల లోపలికి పెట్టాడు.

"అత్తా, ఎందుకట్లా తలుపు కేసి చూస్తావ్? తలుపు సిగ్గుపడిపోతోంది."

"పెట్టె వచ్చిందా?"

"రేవులో దిగిందంట. వానకి బండి ఆలస్యం. నువ్వెళ్ళి అన్నం తిను."

తినబుద్ధి కాలేదు. డబ్బా తెరిచి, రెండు ముద్దలు మింగి మూసేసింది. ఉండకట్టిన జిగురు పారబోసి మళ్ళీ ఉడికించింది. పిల్లల విభాగం నుంచి వచ్చిన కథల పుస్తకానికి కొత్త అట్ట వేసింది, తలకిందులుగా. నాలిక కరుచుకుని ఊడబీకింది. కిటికీలో తడిసిన కాళ్ళు పరిగెడుతున్నాయి.

పొద్దు వాలే వేళకు మెట్ల మీద చాలా అడుగులు వినబడ్డాయి. ముందు పెద్ద మేడమ్ వచ్చింది. గ్రంథాలయానికంతా అధికారి ఆమె. ఈ గదిలో ఆమె కాలు పెట్టినట్టు ఎవరికీ గుర్తులేదు. వెనక నెరిసిన జుట్టుతో, పొడుగాటి వానకోటుతో ఒక పరదేశపు ఆవిడ. ఆ వెనక చెక్కపెట్టెను చక్రాల బండి మీద తోసుకుంటూ గుమస్తా. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అవతలి గ్రంథాలయం నుంచి వచ్చారు," అంది పెద్ద మేడమ్. "పెట్టెతో పాటు ఆవిడే స్వయంగా వచ్చారు. మన బైండరు ఆయన్ని చూడాలట."

"ఆయనెవరండీ? నేనే కదా."

మేడమ్ ఆ మాట చెప్పగానే ఆవిడ తెల్లబోయింది. జిగురత్తను పైనుంచి కిందిదాకా చూసింది. మళ్ళీ ఏదో అడిగింది.

"వాళ్ళ పుస్తకాలకు కుట్లు వేసింది మీరేనా అంటున్నారు. ఏమిటిది? వాళ్ళ పుస్తకాలు మనం ముట్టుకోకూడదు కదా!"

అయిపోయింది, అనుకుంది జిగురత్త. "నేనేనమ్మా. గుమస్తాకి ఏ పాపం తెలీదు. మొదటిసారి పొరపాటున కుట్టాను. తర్వాతవి... తర్వాతవి తెలిసే కుట్టాను."

గుమస్తా గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. పరదేశపు ఆవిడ మాత్రం కోప్పడలేదు. తనే వంగి, పెట్టెలోంచి ఒక గుడ్డమూట తీసి బల్ల మీద పెట్టి, జిగురత్త వైపు జరిపింది. లోపల పక్షుల పుస్తకం.

జిగురత్త నాడా విప్పింది. కళ్ళజోడు పైకి తోసుకుంది. తన కుట్టు అలాగే ఉంది, ఎవరూ పీకలేదు. అది ఆగినచోట, అదే దారం అందుకుని, ఎడమకు వాలిన కుట్టు మొదలైంది.

"అందుకుంది!" అని అరిచింది. "చూశావట్రా, నా దారమే అందుకుంది! మనిషే! వదినే!"

"వదినెవరు?" అంది మేడమ్ అయోమయంగా.

జిగురత్త వినే స్థితిలో లేదు. వేలితో కుట్టు వెంట నడుస్తోంది. ఒక మడత, ఇంకొకటి, మరొకటి. అక్కడ వేలు ఆగిపోయింది. మిగిలిన మడతలు విడివిడిగానే ఉన్నాయి. ఆమె తలెత్తి చూసేసరికి పరదేశపు ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి.

ఆవిడ మెల్లగా చెప్పింది. మేడమ్ ఇంకా మెల్లగా తెలుగు చేసింది. "వాళ్ళ బైండరు పెద్దాయనట. పోయిన నెల కాలం చేశారట. మధ్యాహ్నం భోజనం చేసొచ్చి, ఈ పుస్తకం ముందేసుకుని కూర్చున్నారట. కునుకు తీస్తున్నారనుకుని ఎవరూ లేపలేదట."

"పెద్దాయనా?" అంది జిగురత్త. "మగమనిషా?"

"అవును. 'ఇది మా తమ్ముడి పుస్తకం, ఎవరూ ముట్టుకోవద్దు, నేనే పూర్తిచేసి పంపాలి,' అనేవారట. ఆయనకు తమ్ముళ్ళెవరూ లేరని వాళ్ళందరికీ తెలుసు. ఎవరా తమ్ముడు అని ఆరా తీస్తే, ఈ కుట్ల సంగతి తెలిసిందట. ఆ తమ్ముడికి కబురు చెప్పాలని ఆవిడ వచ్చారు."

జిగురత్తకు ముందు నవ్వొచ్చింది. "ఇదేం విడ్డూరమమ్మా! నేనేమో వదిన అనుకున్నాను, ఆయనేమో తమ్ముడనుకున్నాడు," అని నవ్వుతూ నవ్వుతూనే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక తనకూ ఒక అన్న ఉన్నాడని తెలియడం, ఆ అన్న లేడని తెలియడం ఒక్కసారే జరిగాయి. ఆ దుఃఖానికి ఏ పేరు పెట్టాలో అక్కడున్న ఎవరికీ తెలియలేదు. గుమస్తా నీళ్ళ గ్లాసు తెచ్చిచ్చాడు.

కాసేపటికి ఆమె కళ్ళు తుడుచుకుంది. "అన్నం తిని పోయాడా, అడగండమ్మా. కడుపునిండా తిన్నాడా?"

పరదేశపు ఆవిడ ఆ ప్రశ్నకు ఆశ్చర్యపోయి, కాసేపు ఆలోచించి, తలూపింది. తిన్నాడట. ఆ పూట బాగానే తిన్నాడట.

"పోన్లే," అంది జిగురత్త. "పోన్లే నాయనా."

వెళ్ళేముందు ఆవిడ జిగురత్త చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, జిగురు ఎండిన వేళ్ళను చూసి, ఏదో అంది. మేడమ్ దాన్ని తెలుగు చెయ్యలేదు. నియమం మాట కూడా ఎత్తకుండా ఆవిడను వెంటబెట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

వాన తగ్గలేదు. గొడుగు పట్టుకుని మొగుడొచ్చాడు. గుమ్మంలో ఉండగానే మొదలుపెట్టాడు. "ఏమంటోందే మీ వదిన? మిగతా సగం కుట్టిందా, బద్ధకించిందా?"

"వదిన కాదండీ. అన్నయ్య." ఆమె బల్ల వైపు చూపించింది. "పోయాడు."

ఆయన ఆమె మొహం చూశాడు, బల్ల మీది పుస్తకం చూశాడు. బుర్రకు అంతా ఎక్కలేదు గానీ, ఎక్కవలసింది ఎక్కింది. జీవితమంతా నోరు మూయని మనిషి, తడిసిన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "బావగారా," అన్నాడు మెల్లగా. పుస్తకం ముందు అలాగే నిలబడ్డాడు.

కొంతసేపటికి, "నువ్వే పూర్తి చేస్తావా?" అని అడిగాడు.

"చెయ్యాలిగా. తమ్ముడిని కదా," అంది ఆమె. "ఇవాళ కాదు. ఇవాళ చెయ్యి ఆడదు."

జిగురు గిన్నె కడిగి బోర్లించింది. ప్రెస్సు బిగువు సడలించింది. పుస్తకం మీద గుడ్డ కప్పబోయి, కప్పలేక పక్కన పెట్టింది. దీపం ఆర్పి, తలుపు చేరవేసి, ఇద్దరూ ఒక్క గొడుగు కింద వెళ్ళిపోయారు. బల్ల మీద విప్పి ఉన్న పక్షుల పుస్తకంలో, అవతలివాళ్ళు తీయడానికి చేతులు రాక అలాగే గుడ్డ చుట్టి పంపిన ఆయన సూది, ఆయన కుట్టిన ఆఖరి మడతలో సగం లోపలికి దిగి, సగం బయట, దారంతోనే ఉంది.