ఎడిటింగ్ ఇంకాస్త పదునుగా

మా హాల్లో గేటు దగ్గర టికెట్లు చించడం, చీకట్లో టార్చి కొట్టి సీట్లు చూపించడం నా ఉద్యోగం. ఇరవై రెండేళ్లుగా అదే పని. అందరూ నన్ను టార్చి బాబాయ్ అంటారు. ఎన్ని వందల సినిమాలు చూసుంటాడో అని జనం అసూయపడతారు గానీ, నిజానికి నేను తెర వైపు తిరిగేది తక్కువ. నేను మొహాలు చూస్తాను. సినిమా సంగతి తెలియాలంటే తెరకు వీపు పెట్టి జనం వైపు నిలబడాలి. ఎంతమంది ఎక్కడ ఫోన్లు బయటికి తీశారో చూసి, ఆ సినిమా ఎన్ని రోజులు ఆడుతుందో ఇంటర్వెల్లోనే చెప్పేస్తాను. ఇప్పటిదాకా నా లెక్క తప్పలేదు. ఒకట్రెండుసార్లు తప్పినా అది జనం తప్పు.

ఆ మొహాల్లో నాకు కంఠస్థం వచ్చిన మొహం ఒకటుంది. ఆయన పత్రికలో సినిమా సమీక్షలు రాస్తారు. ప్రతి కొత్త సినిమాకూ మొదటిరోజు మొదటి ఆటకు వచ్చి, ఎఫ్ వరసలో చివరి సీట్లో కూర్చుంటారు. మేం ఆయన్ని రెండున్నర గారు అంటాం, ఎదురుగా కాదనుకోండి. ఐదు నక్షత్రాలకు ఆయన ఇచ్చేది ఎప్పుడూ రెండున్నరే. హీరో ఒక్కడే ముప్పైమందిని గాల్లోకి ఎగరేసిన సినిమాకూ రెండున్నర, ఇద్దరు మనుషులు రెండు గంటలసేపు కిటికీలోంచి బయటికి చూసిన అవార్డు సినిమాకూ రెండున్నర. మొదటిది 'అభిమానులకు విందు, మిగతావారికి తలనొప్పి' అన్నారు. రెండోది 'గొప్ప ప్రయత్నం, ప్రేక్షకుడికి ఓపిక అవసరం' అన్నారు. ఆ రెండు ఆటల నుంచీ జనం తల పట్టుకునే బయటికొచ్చారు కాబట్టి ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

ఆయన దగ్గర మూడు రావాల్సిన సినిమాకు ఆ అర నక్షత్రం ఎక్కడ పోతోందో నాకొక్కడికే తెలుసు. ఎఫ్ వరస చివరి సీటుకు స్ప్రింగు విరిగింది. సరిగ్గా గంట కూర్చున్నాక అది నడుముకు గుచ్చుకుంటుంది. అప్పటిదాకా బాగానే ఉన్న సినిమా అక్కణ్ణుంచి ఆయనకు సాగదీసినట్టుంటుంది. 'ద్వితీయార్ధం నెమ్మదించింది' అని ఆయన రాసిన ప్రతిసారీ నాకు ఆ స్ప్రింగే గుర్తొచ్చేది. సీటు మార్చుకోమంటే వినరు. చివరి సీటయితే కాళ్లు చాపుకోవచ్చట.

ఆయన సమీక్షలకు ఇంకో గుణం కూడా ఉంది. ఆఖరి మూడు వాక్యాలు ఏ సినిమాకైనా ఒకటే. కెమెరా పనితనం బాగుంది. సంగీతం ఫర్వాలేదు. ఎడిటింగ్ ఇంకాస్త పదునుగా ఉండాల్సింది. అసలు సంగీతమే లేని సినిమాకు కూడా సంగీతం ఫర్వాలేదనే రాశారు.

ఈ మూడో వాక్యమే మా ఇంట్లో చిచ్చు పెట్టింది. మా అమ్మాయి ఎడిటర్. ఆరేళ్లు ఒకరి దగ్గర అసిస్టెంటుగా చేసి, మొదటిసారి సొంతంగా ఒక సినిమా ఎడిట్ చేసింది. పాటలూ ఫైట్లూ లేని సినిమా. అలిగి విడిపోయిన చెల్లెల్ని వెతుక్కుంటూ ఒక ముసలావిడ ఊరంతా నడుస్తుంది, అంతే కథ. దానిమీద అమ్మాయి ఏడాదిన్నర కూర్చుంది. తీరా ఆ సినిమా విడుదలైంది మా హాల్లోనే. వారం రోజులు, రోజుకు ఒక్క మ్యాట్నీ.

"నాన్నా, ఆయన ఆ లైను నా సినిమాకు కూడా రాస్తే నేనీ పని మానేస్తాను," అంది ముందురోజు.

నవ్వుతూనే అంది. కానీ మా అమ్మాయి నవ్వుతూ అన్న మాటలే చేసి చూపిస్తుంది. కాలేజీలో లెక్కల క్లాసు మానేస్తానని కూడా నవ్వుతూనే అంది.

దాంతో నేను నడుం బిగించాను. ప్రొజెక్టర్ ఆపరేటర్ని బతిమాలి, బాల్కనీలోంచి మెత్తటి సీటు ఒకటి ఊడదీసి ఎఫ్ వరస చివర బిగించాను. చల్లగాలి నేరుగా ఆయన మీదికి వచ్చేలా ఏసీ తిప్పాను. క్యాంటీన్లో చెప్పి వేడి టీ సీటు దగ్గరికే తెప్పించాను. మొదటి మ్యాట్నీకి పన్నెండుమంది వచ్చారు. రెండున్నర గారు కూర్చోగానే ఆశ్చర్యంగా సీటు తడిమి చూసుకుని, హాయిగా వెనక్కి వాలారు. నేను గోడకు ఆనుకుని, తెరకు వీపు పెట్టి ఆయన మొహం మీదే కన్నేశాను. ఇరవై నిమిషాలకు తల ఊపారు. నలభై నిమిషాలకు నోట్‌బుక్కులో ఏదో రాశారు. గంటకు, పాత సీటయితే స్ప్రింగు గుచ్చుకునే వేళకు, నోరు తెరిచి నిద్రపోయారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. దగ్గాను. టార్చి కింద పడేశాను. ఆఖరికి ఆయన మొహం మీద టార్చి కొట్టాను. లైటు ఆర్పమని వెనక వరసవాళ్లు నన్నే తిట్టారు. ఇరవై రెండేళ్లలో ప్రేక్షకులు నన్ను తిట్టడం అదే మొదలు. పేర్లు పడుతుండగా ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయారు.

సాయంత్రం ఇంటికి రాగానే, ఆయన మొహం ఎలా ఉందని అమ్మాయి అడిగింది. చాలా ప్రశాంతంగా ఉందని చెప్పాను. అబద్ధమైతే కాదు.

మర్నాడు మ్యాట్నీకి ఆయన మళ్లీ వచ్చారు. నిన్న నిద్రపట్టేసిందనీ, సగం చూసి రాయడం తనకు చేతకాదనీ, దయచేసి పాత సీటే వేయించమనీ గొంతు తగ్గించి చెప్పారు. అంత నిజాయితీ ఉన్న మనిషిని వెనకాల రెండున్నర అన్నందుకు ఒక్క క్షణం సిగ్గేసింది. పాత సీటు బిగించాను. ఆ రోజు ఆయన రెప్ప వాల్చలేదు. నేనూ వాల్చలేదు, ఆయన మొహం మీంచి. రెండుసార్లు ముందుకు వంగారు. ఆఖర్లో కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. నాకు అక్కడే గంతులేయాలనిపించింది.

ఆదివారం సమీక్ష వచ్చింది. మూడు నక్షత్రాలు. ఆపరేటర్ పేపరు పట్టుకుని మెట్లమీంచి పరుగెత్తుకొచ్చాడు. దర్శకుణ్ణి మెచ్చుకున్నారు, ముసలావిడగా చేసినామెను ఆకాశానికెత్తారు. ఆఖర్లో కెమెరా పనితనం బాగుంది, సంగీతం ఫర్వాలేదు, ఎడిటింగ్ ఇంకాస్త పదునుగా ఉండాల్సింది.

అమ్మాయి అది చదివి, మడిచి ఫ్రిజ్ మీద పెట్టి, ఫర్వాలేదులే అంది. సోమవారం ఎడిటింగ్ రూముకు వెళ్లలేదు. మంగళవారం కూడా వెళ్లలేదు. ఫోను మోగుతుంటే తీయలేదు. వంటింట్లో అలమరలన్నీ దింపి సర్దడం మొదలుపెట్టింది. ఉప్పు ఎక్కడుందో మా ఆవిడకు కూడా దొరకలేదు.

బుధవారం ఉదయం ఆటకు ఒక పెద్ద హీరో సినిమా పడింది. రెండున్నర గారు గేటు దగ్గరికి రాగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన టికెట్ చించకుండా చేత్తో పట్టుకుని, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఆ ఎడిటర్ మా అమ్మాయేనని, ఏడాదిన్నర కూర్చుందని, మూడు రోజులుగా పనికి పోవడం లేదని, పదును చూడ్డానికి మీ దగ్గర కొలబద్దేమైనా ఉందా అని. వెనక లైనులో ఉన్నవాళ్లు మెడలు చాచి చూశారు.

ఆయన మొహం పాలిపోయింది. ఆ వాక్యం చెయ్యి దానంతటదే రాసేస్తుందని, తప్పేనని ఒప్పుకున్నారు. జేబులోంచి నోట్‌బుక్కు తీసి, కలం మూత విప్పారు.

"రెండుసార్లూ మీరు లోపలే ఉన్నారు కదా. ఎడిటింగ్ బాగున్న చోటు ఒక్కటి చెప్పండి. తప్పు నాదేనని వచ్చేవారం రాస్తాను."

గుర్తు చేసుకోబోయాను. రెండు ఆటలు, నాలుగు గంటలు. ఆ నాలుగు గంటల్లో నేను చూసింది ఈయన కళ్లజోడు, ఈయన మీసం. నా కూతురి సినిమాలో ముసలావిడ లావుగా ఉంటుందో సన్నగా ఉంటుందో కూడా నాకు తెలియదు. తల కొట్టేసినట్టయింది. రేపు చెప్తానని టికెట్ చించి ఆయన్ని లోపలికి పంపాను.

గురువారం మ్యాట్నీ ఆ సినిమాకు ఆఖరి ఆట. టార్చి ఆపరేటర్ చేతికిచ్చి, టికెట్ కొనుక్కుని లోపలికెళ్లాను. ఏడుగురున్నాం. మొదటి అరగంట ఎవరైనా ఆలస్యంగా వచ్చారేమోనని తల వెనక్కే తిరుగుతోంది. ఆ తర్వాత తిరగలేదు. ముసలావిడ సన్నగా ఉంది.

ఇంటికెళ్లేసరికి అమ్మాయి డబ్బాలకు చీటీలు అంటిస్తోంది.

"నేను మొదటి రెండుసార్లూ నీ సినిమా చూడలేదమ్మా. ఆయన్నే చూశాను. ఇవాళ చూశాను," అన్నాను.

అమ్మాయి చేతిలో డబ్బా అలాగే ఆగిపోయింది. ఎలా ఉందని అడిగింది.

"నడక ఎక్కువైంది," అన్నాను. మా ఆవిడ నా చెయ్యి గిల్లింది. అయినా ఆపలేదు. "కాళ్లకు బలపం కట్టుకున్నట్టు తిరుగుతూనే ఉంది, నా కాళ్లు నొప్పిపుట్టాయి. కానీ చెల్లెలి ఇంటి తలుపు కొట్టబోయి, లోపల నవ్వులు వినపడితే చెయ్యెత్తి అలాగే నిలబడిపోయింది చూడు. అక్కడ నువ్వు కట్ చేయలేదు. కొట్టమ్మా, కొట్టు అని నా చెయ్యే లేచింది."

అమ్మాయి నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఆ షాటు సగానికి కోసేయమని దర్శకుడు అన్నాడట. నెల్లాళ్లు పోట్లాడి ఉంచిందట. సమీక్ష చదివినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. నాకూ వచ్చింది.

తర్వాత కళ్లు తుడుచుకుని, నడక ఎక్కువైందా అని మళ్లీ అడిగింది. అంతసేపు నడవకపోతే ఆ తలుపు దగ్గర నీ చెయ్యి లేచేదా అంది. సగం నడిచినా లేచేదన్నాను. ఏ సగం తీసేయాలో చెప్పమంది. వంతెన మీద నడక అన్నాను. వంతెన తీసేస్తే సినిమాయే లేదంది. భోజనాల దగ్గర కూడా ఆ వంతెన మీదే ఉన్నాం. మా ఆవిడ విసిగిపోయి కంచం పట్టుకుని ముందు గదిలోకి వెళ్లిపోయింది. ఆ తలుపు సంగతి పత్రికాయనకు చెప్పమంటావా అని మధ్యలో అడిగితే, ఆయన సంగతి తర్వాత, ముందు నీ వంతెన సంగతి తేల్చు అంది. నేను తగ్గలేదు. నడక ఎక్కువే, ఇప్పటికీ అదే అంటాను.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికే నాతో ఒక్క మాటా మాట్లాడకుండా ఎడిటింగ్ రూముకు వెళ్లిపోయింది.