గవర్నరు తెచ్చిన కొబ్బరిచిప్ప

గవర్నరు కాసియానో పుట్టి బుద్ధెరిగాక ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదని ఆయన అనుకునేవాడు. చెప్పించే దమ్ము ఎవరికీ లేదని జనం అనుకునేవాళ్లు.

ఆయన చేసిన మంచి ఏమీ లేదని మాత్రం నేననను. పదిహేనేళ్లు బడిపంతులుగా పనిచేశాడు. ఎనిమిదేళ్లు శాసనసభలో కూర్చున్నాడు. దూరపు పగడపు దీవులకి ఓడ తెస్తానని ఓట్లడిగి గవర్నరయ్యాడు. పరాయి దేశాల గుమ్మాలన్నీ తొక్కి, బతిమాలి, నిజంగానే తెచ్చాడు. రాష్ట్రం మొత్తానికీ అదొక్కటే ఓడ. అది రేవులోకొచ్చిన రోజు ఆడవాళ్లు ఆయన మెడలో వేసిన పూలదండల్లో మొహం కనపడలేదు. అప్పట్నించీ ఆయన 'ఓడ గవర్నరు'. ఆ పేరు మీదే ఇంకో రెండుసార్లు నెగ్గాడు. నెగ్గేకొద్దీ ఓడ తన పెరట్లో పడవనే అనుకున్నాడు!

మూడోసారి ప్రమాణ స్వీకారం చేసిన వారంలోనే లెర్లీన్ చచ్చిపోయింది. దూరపు దీవిలో పంతులమ్మగా పనిచేసే పిల్ల. ఎనిమిదో తరగతిలో కాసియానో దగ్గరే చదువుకుంది. కాన్పయ్యాక నెత్తురు ఆగలేదు. అక్కడి నర్సు రేడియోలో మొత్తుకుంటే, పట్నంలో రేడియో గుమాస్తా గవర్నరుకి ఫోను చేశాడు. లెర్లీన్ తల్లి మెర్లీనా ఆ గుమాస్తా పక్కనే నిలబడి ఉంది. ఫోన్లోంచి గవర్నరు గొంతు ఆమె చెవిన పడింది.

"రేపు అతిథుల్ని ఓడలో ద్వీపం చుట్టూ తిప్పాలయ్యా. రెండు రోజులాగమను. నర్సుందిగా అక్కడ?"

మూడో రోజున ఓడ కదిలింది. ఎవరికోసం కదిలినట్టు, పీనుగ కోసమా?

గుమాస్తా ఇప్పుడు తనకేమీ గుర్తులేదంటున్నాడు. పాపం, ఉద్యోగం ఉండాలిగా. ఇక మిగిలింది మెర్లీనా ఒక్కతే. రేపు శాసనసభలో విచారణ. ఆమె నోరు విప్పితే గవర్నరు పదవి ఊడుతుంది.

"ఈ పూటే తేల్చెయ్యి బావా," అన్నాడు మెర్లీనా ఇంటికి కారు నడుపుతున్న వెల్సిన్. గవర్నరు భార్యకి తమ్ముడు, పన్నెండేళ్లుగా విందుల్లో ఆయనకి సకావు, అంటే వేళ్లు దంచి పిండిన మత్తు పానీయం, కొబ్బరిచిప్పలో అందించేవాడూ అతనే. "ఆవిడ నీ చేతి చిప్ప తాగిందా, ఆ మాట మళ్లీ ఎత్తడానికి లేదు. సభలో కాదు, కలలో కూడా ఎత్తకూడదు."

"తాగుతుందంటావా?"

"పెద్దాయన కూడా వస్తున్నాడుగా. ఆయనెదుట కాదంటుందా? నువ్వు మాత్రం ఆ గవర్నరు మొహం కార్లోనే వదిలేసి దిగు."

కాసియానోకి ఒళ్లు మండింది. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. పదవి పోతుందన్న బెంగ సగమే. కళ్లు మూస్తే చాలు, ఎనిమిదో తరగతిలో ముందు బల్ల మీద కూర్చుని, చెయ్యెత్తి ఊపే పిల్ల కనపడుతోంది. ఆ సంగతి ఎవరితో చెప్పుకోగలడు? చెబితే నవ్వరూ?

మధ్యాహ్నం వాన జోరుగా కురుస్తోంది. మెర్లీనా ఇంటి ముందు విందుసాలలో పెద్దాయన, అంటే గవర్నరు కూడా తల వంచాల్సిన ఆ ప్రాంతపు వంశపారంపర్య నాయకుడు, ఎత్తరుగు మీద కూర్చున్నాడు. వేళ్లతో సహా పీకి తెచ్చిన సకావు మొక్కని గవర్నరు భుజాన మోసుకొచ్చి దించాడు. బంధువులు బల్లరాయి మీద వేళ్లు దంచి, మందార నారలో పెట్టి పిండారు. మెర్లీనా చాప మీద కదలకుండా కూర్చుంది. ఆమెదీ గవర్నరుదీ ఒకటే తల్లివంశం.

"రా తమ్ముడూ," అంది. ఆ ఒక్క మాటకి ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

జరగాల్సింది ఇంతే. వెల్సిన్ మొదటి చిప్ప గవర్నరుకి అందిస్తాడు. గవర్నరు తల వంచి, చేసిన తప్పు తన నోటితో చెప్పి, ఆ చిప్పని మెర్లీనా చేతికివ్వాలి. ఆమె తాగాలి. తాగితే క్షమించినట్టే, అంతటితో సరి.

వెల్సిన్ అలవాటు ప్రకారం చేతులు అడ్డంగా పెట్టి, మర్యాద కోసం మొహం పక్కకి తిప్పుకుని, చిప్ప అందించాడు. కాసియానో రెండు చేతులా పుచ్చుకున్నాడు. ఏ ఊరికెళ్లినా, ఏ విందులో కూర్చున్నా, పన్నెండేళ్లుగా ఆయన చేతికొచ్చిన ప్రతి చిప్పా ఆయన కోసమే వచ్చింది. కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. చిప్ప పెదాల దాకా లేచింది.

మూడు గుక్కలు దిగాక గానీ సాలంతా ఎందుకింత నిశ్శబ్దంగా ఉందో ఆయనకి తెలియలేదు.

కళ్లు తెరిచాడు. వెల్సిన్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు. దంచేవాళ్ల చేతుల్లో రాళ్లు ఆగిపోయాయి.

"అయ్యో... అక్కా, పొరపాటు... ఏదో అలవాటులో..." గబుక్కున దించబోతే చిప్పలో మిగిలింది చాప మీద ఒలికింది. "వెల్సిన్! ఇంకోటి పిండరా! త్వరగా!"

"తప్పుకి ఒక్కటే చిప్ప," అన్నాడు పెద్దాయన. ఆయన లేచి నిలబడేసరికి సాలలో అందరూ తలలు వంచారు. ఎవరి వంకా చూడకుండా వానలోకి దిగి వెళ్లిపోయాడు.

కాసియానో మోకాళ్ల మీద మెర్లీనా ముందుకి జరిగాడు.

"అక్కా, నువ్వు ఎలాగూ తాగేదానివి కాదులే. నాకు తెలుసు," అన్నాడు, తనకి తానే సర్దిచెప్పుకుంటున్నట్టు.

మెర్లీనా ఖాళీ చిప్పని తీసి పక్కన పెట్టింది.

"తాగుదామనే కూర్చున్నాను," అంది. "పొద్దుట్నించీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పోయిన పిల్ల రాదు, నువ్వు మా వంశంలో పుట్టినవాడివి, ఈ ఏడుపు ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. లెర్లీన్ పేరు నీ నోట ఒక్కసారి వినాలనుకున్నాను, అంతే. అది కూడా మింగేశావు గవర్నరుగారూ."

ఆ పేరు చెబుదామని కాసియానో నోరు తెరిచాడు. సకావు ఎక్కి పెదాలు అప్పటికే మొద్దుబారిపోయాయి. ఏదో శబ్దం వచ్చింది గానీ, అది ఎవరి పేరో పక్కనున్న వెల్సిన్‌కి కూడా తెలియలేదు.

మెర్లీనా లేచి, తడిసిన చాప చుట్టి చంకన పెట్టుకుంది.

"విచారణ రేపెన్నింటికి?" అని వెల్సిన్‌ని అడిగింది.