పాత పేరు

తల్లి జడ కొసకు రబ్బరుబ్యాండు చుట్టి, తల కింద దిండు సర్ది, బొమ్మల పెట్టెను ఆమె ఎడమచేతికి అందేలా జరిపింది కూతురు. పక్షవాతం తల్లి మాట పట్టుకుపోయి ఆరేళ్లు. ఏ బొమ్మ నొక్కితే ఆ మాట పెట్టె పలుకుతుంది. మేడ మీదికి సైతం వినిపించేంత గట్టి గొంతు దానిది.

“టిఫిన్. తిను. గాడిదా.”

గాడిద బొమ్మ కావాలని పట్టుబట్టింది తల్లే. మీటల్లోకెల్లా అదే ఎక్కువ అరిగిపోయింది.

“తింటాలేవే,” అంటూనే చెప్పులేసుకుంది. మందుల సీసా, స్టీలు చెంచా మంచం పక్కన పెట్టి, మందుల సంగతి తల్లిని చూసుకునే ఆయాకు చెప్పింది. వీధి మలుపు నుంచి ఫోన్ చేసి మళ్లీ చెప్పింది.

అలాంటి పెట్టెలకు గొంతునిచ్చే మాడ్యూలును, అంటే మిగతా ప్రోగ్రాములు వాడుకునే చిన్న ప్రోగ్రామును, చూసుకోవడం ఆఫీసులో ఆమె పని. మాడ్యూలు తనను పిలవడానికి కొన్ని పేర్లు ఇస్తుంది. ప్రోగ్రాములు ఆ పేర్లలో ఒకటి పెట్టి పిలిస్తేనే పలుకుతుంది. ఒకసారి కంపైలై, అంటే యంత్రం భాషలోకి మారి, బయటికెళ్లిన ప్రోగ్రాముకు తాను నేర్చిన పేరు తప్ప మరొకటి తెలియదు. అందుకే ఎన్ని వెర్షన్లు మారినా పాత పేర్లను ఆమె కాపాడుకుంటూ వచ్చింది.

“ఎన్నాళ్లు మోస్తావమ్మా వీటిని? ఎవరూ పిలవట్లేదుగా, తీసెయ్,” అన్నాడు పెద్దసారు.

ఆఫీసు ప్రోగ్రాములన్నీ గాలించింది. నిజమే, పాత పేర్లతో పిలిచేది ఒక్కటీ లేదు. ఆ పేర్లు కొట్టేసి కొత్త వెర్షన్ పంపింది. పెట్టెలు వాటంతటవే దాన్ని ఇంటర్నెట్‌లోంచి దించుకుంటాయి.

మధ్యాహ్నం ఆయా ఫోన్ చేసింది. “అక్కా, పెట్టె మూగబోయింది! అమ్మగారు నొక్కుతానే ఉన్నారు, ఉలుకూ పలుకూ లేదు.”

“పొద్దున బాగానే తిట్టిందిగా,” అని నవ్వబోయి ఆగిపోయింది. తల్లి పెట్టెలోని ప్రోగ్రాము ఆఫీసుది కాదు. తల్లి మంచాన పడ్డ కొత్తలో పక్కనే కూర్చుని, అప్పటి పాత పేరుతోనే పిలిచేలా తానే రాసి పెట్టింది. గాలించిన చోట అది లేనే లేదు.

“వానొచ్చేలా ఉందక్కా, మేడ మీద బట్టలు తీసుకొచ్చేస్తా,” అని ఆయా ఫోన్ పెట్టేసింది.

కూతురు ఆ పాత పేరు తిరిగి చేర్చి, దానితో పిలిస్తే కొత్త వెర్షనే పలికేలా కలిపింది. కంపైలవుతున్నంతసేపూ గోళ్లు కొరుక్కుంది. పంపేసి, ఫోన్ చేసింది.

“పలుకుతోందక్కా, నేనే నొక్కి చూశా.” ఆయా ఏడుస్తోంది. “నే దిగొచ్చేసరికే... ఊపిరాడలేదేమో అక్కా. పైనే ఉన్నా కదా, పెట్టె పిలిస్తే పరిగెత్తుకొచ్చేదాన్ని కదా!”

ఇంటికొచ్చేసరికి ఎవరో తల్లి కళ్లు మూశారు. కూతురు ఆ చల్లని పాదాలను ఒళ్లోకి తీసుకుంది. మంచం పక్క గోడకు, ఎడమచేయి అందే ఎత్తులో, సున్నం దెబ్బలకు పెచ్చులుగా రాలిపోయింది. కింద ఆ పొడిలో, కాడ వంగిపోయిన స్టీలు చెంచా పడి ఉంది.