బూజుకు పెట్టిన తిండి

కల్లు బట్టీ నడిపే తాక్ గారు మా నురుక్ గదికి సున్నం కొట్టించమన్న రోజు నుంచి నాకు కుదురు లేదు. తడి గోధుమను అచ్చులో వేసి, మడమలతో తొక్కి, నురుక్ అనే పులుపు బిళ్లలు చేసి ఆ గదిలోనే ఆరబెడతాను. గోడలకు, దూలాలకు పట్టిన బూజు వాటి మీదికి దిగుతుంది. ఆ బిళ్లలతోనే ఆయన మక్కొల్లి అనే బియ్యపు కల్లు పులియబెడతాడు. ఈ ఏడు అందులో పండు వాసన రాలేదు.

"మీ అత్తగారి నాటి బూజు వదినా, ముసలిదైపోయింది. గది కడిగించి, సున్నంతో దాన్ని చంపి, కొట్లో దొరికే పొట్లం బూజు తెచ్చుకుందాం," అన్నాడు.

"ముసలితనం మీ ముక్కుకొచ్చిందేమో."

"నా ముక్కు మాటెందుకు, తాగేవాళ్లే అంటున్నారు. వారం ఆగి చూస్తాను."

పట్నం ప్రయోగశాలలో పనిచేసే మా ఊరి పిల్ల బోరం, బూజును పరీక్షిస్తానని ఒక బిళ్ల పట్టుకెళ్లింది. ఆ వారమంతా గదికీ వాకిలికీ మధ్య తిరిగాను. ముల్లంగి కిమ్చీలో ఉప్పు రెండుసార్లు వేశాను. ఏడో రోజు ఆగలేక నేనే బస్సెక్కాను.

బోరం మూడు గాజు పళ్ళాలు నా ముందు పెట్టింది.

"మూడింట్లోనూ మీ బూజే, అవ్వా. తిండే వేరు. దీనికి బంగాళాదుంప రసం, దీనికి మెత్తటి గోధుమ పిండి, దీనికి పొట్టుతో ఉన్న బరక గోధుమ. వాసన చూడండి."

మొదటిది తడి మట్టి. రెండోది పులిసిన గంజి. మూడోదాని మూత తీయగానే దోసపండు వాసన గుప్పుమంది.

"అయితే ముసలిది కాలేదా?"

"లేదు. తిన్నదాన్ని బట్టే అది తయారుచేసేది మారుతుంది. మీరు బరకగానే పట్టిస్తారు కదా?"

పోయిన వేసవిలో మోకాళ్లు పట్టేసి, మరలో మెత్తగా పట్టించాను. పిండైతే ఇరవై తొక్కులకే గట్టిపడుతుంది. బరకైతే వంద తొక్కినా చాలదు. ఎవరికీ చెప్పలేదు.

"అవ్వా?"

"బస్సుకు వేళయింది."

బస్సుకు ఇంకా గంట ఉంది. బస్టాండు బల్ల మీద కూర్చున్నాను, లేచాను, మళ్లీ కూర్చున్నాను. బూజు మంచిదేనంటే సరిపోదు. మరి వాసన ఎందుకు రాలేదని తాక్ గారు అడుగుతాడు. నిజం చెబితే గది నిలుస్తుంది, నాకు తొక్కే పని పోతుంది.

మా ఇల్లు రాకముందే తాక్ గారి బట్టీ దగ్గర దిగాను. ఆయన జాడీలు కడుగుతున్నాడు. గుమ్మం పక్కన సున్నం బస్తా ఉంది.

"బూజు మంచిదే. గోధుమ మెత్తగా పట్టించింది నేను. మోకాళ్లు సాగక."

ఆయన చేతిలో జాడీ దించాడు.

"చెబితే నేనొచ్చి తొక్కేవాణ్ణి కదా వదినా."

"మీ బరువుకు అచ్చు విరుగుతుంది."

"విరిగితే కొత్తది చేయిస్తాను. రేపు బరకగా పట్టించండి. సున్నం వెనక్కి పంపుతాను."

సరేనన్నాను. అత్త పోయాక ఆ అచ్చు మీద నా కాలు తప్ప ఇంకొకరిది పడలేదు. ఇంటికి వచ్చి అచ్చు కడిగాను. ఆరబెట్టాను. మళ్లీ తీసి కడిగాను.